ద్రాక్షతోటకు తెలుగు అక్షతలు

ఇంట్లో పెద్దవారికి 80 ఏళ్లు నిండితే సహస్ర చంద్ర దర్శనోత్సవం జరిపి, పాదాలకు మొక్కి, ఆశీస్సులు అందుకోవడం మన ఆచారం. ఫ్రాన్సులో బోర్డో నగరానికి ఉత్తరాన, జిరోండ్ నదీముఖం ఒడ్డునున్న పోయాక్‌లో, షాటో మూటాన్ రోత్‌షిల్డ్ అనే ద్రాక్షతోటలో ఒక ఆనవాయితీకి ఇప్పుడు అంతటి వయసొచ్చింది. 1945 పంట మొదలుకొని, కొన్ని ప్రత్యేక సందర్భాల్లో తప్ప, ఏటేటా ఒక చిత్రకారుడి బొమ్మతోనే ఆ తోట వైను సీసా లోకంలోకి వస్తోంది. ఈ శుభవేళ తెలుగు కళాభిమానులందరి పక్షాన ఆ తోటకు, దాన్ని కంటికి రెప్పలా కాచిన తరాలకు హృదయపూర్వక అభినందనలు!

బారన్ నథానియల్ డి రోత్‌షిల్డ్ ఈ తోటను 1853లో కొన్నారు. 1855లో బోర్డో వైన్లకు శ్రేణులు కట్టినప్పుడు దీనికి దక్కింది రెండో శ్రేణి. అయితే కళ ఈ గడప తొక్కింది మాత్రం 1922లో, ఇరవయ్యేళ్ల బారన్ ఫిలిప్ పగ్గాలు చేపట్టాకే. ఆయన కవి, నాటకప్రియుడు, పారిస్ రంగస్థలాన్ని దగ్గరగా ఎరిగినవాడు. పీపాల్లో వర్తకులకు అమ్మేయడమే రివాజుగా ఉన్న రోజుల్లో, పంటంతా తోటలోనే సీసాలకెత్తాలని 1924లో సంకల్పించి, ఆ సీసా ముఖచిత్రాన్ని పోస్టర్ కళాకారుడు జాన్ కార్లు చేత వేయించారు. 1926లో వాస్తుశిల్పి షార్ల్ సిక్లిస్ చేత నూరు మీటర్ల పొడవైన పీపాల శాల కట్టించారు. ఆ శాలలో అడుగుపెట్టిన అతిథికి తెర లేచిన రంగస్థలం ఎదుట నిలుచున్నట్టే ఉంటుంది.

ఆపైన యుద్ధం వచ్చిపడింది. తోట జర్మన్ సైన్యం వశమైంది. ఫిలిప్ దేశం దాటి డిగాల్ సేనలో చేరారు. నాజీల చేతికి చిక్కిన ఆయన భార్య ఎలిజబెత్ 1945లో రావెన్స్‌బ్రుక్ నిర్బంధ శిబిరంలో కన్నుమూశారు. అంతటి దుఃఖం మోస్తూ ఇల్లు చేరిన మనిషి, ఆ ఏటి పంటకు గుర్తుగా ఫిలిప్ జూలియన్ అనే యువ చిత్రకారుడి చేత విజయచిహ్నమైన ‘వి’ అక్షరం వేయించారు. మూటాన్ సాధించిన ఘనతలన్నిటిలోకీ మేం ముందుగా చేతులెత్తి నమస్కరించేది దీనికే. బూడిద మిగిలిన ఏడాదిలో మొదలైన ఆ పని మరి ఆగలేదు.

ఆ తరువాత నడిచిందంతా ఆధునిక చిత్రకళ ఊరేగింపే! 1947లో జాన్ కొక్తో, 1955లో బ్రాక్, 1958లో డాలీ, 1964లో హెన్రీ మూర్, 1969లో మీరో, 1970లో షగాల్, 1975లో ఆండీ వార్హోల్, 1988లో కీత్ హేరింగ్, 1990లో ఫ్రాన్సిస్ బేకన్. ఇటీవలి పంటలకు కొరియా నుంచి లీ ఉఫాన్, దక్షిణాఫ్రికా నుంచి విలియం కెంట్రిడ్జ్, చైనా నుంచి షూ బింగ్, జపాన్ నుంచి చిహారు షియోటా. 2009 పంటకు బొమ్మ సమకూర్చినవారు ముంబయిలో పుట్టిన అనీష్ కపూర్ అని తలచుకుంటే మన ఛాతీ ఉప్పొంగదా! ఇలాగే వెయ్యాలని తోటవారు ఏ చిత్రకారుడినీ శాసించలేదు. పారితోషికం డబ్బుగా కాక వైను పెట్టెలుగానే ముడుతుంది. పిలిచినవారి మర్యాద, వచ్చినవారి స్నేహం రెండూ అందులోనే తెలుస్తాయి.

1973ను విడిగా చెప్పుకోవాలి. శ్రేణి కోసం దశాబ్దాల పాటు పట్టు విడవని ఫిలిప్ కల ఆ ఏడాది ఫలించింది. 118 ఏళ్ల నాటి జాబితాను సవరించి మూటాన్‌ను మొదటి శ్రేణికి చేర్చే ఉత్తర్వు మీద నాటి వ్యవసాయ మంత్రి జాక్ షిరాక్ సంతకం చేశారు. అదే ఏడాది ఏప్రిల్‌లో పికాసో కన్నుమూశారు. ఆ మహనీయుడికి నివాళిగా ఆయన చిత్రమే ఆ పంటకు ముఖచిత్రమైంది. తమ విజయోత్సవపు సీసాను మరొకరి స్మృతికి అంకితమివ్వడం ఎంతటి సంస్కారం!

ఆ పికాసో చిత్రం తోటలోని మ్యూజియం సొత్తు. ఫిలిప్, ఆయన రెండో భార్య పోలీన్ కలిసి ఏళ్ల తరబడి ఏరి కూర్చిన నిధి అది. ప్రాచీన పాత్రలు, 17వ శతాబ్దపు జర్మన్ కంసాలుల వెండి బంగారు పనితనం, దంతపు చెక్కడాలు, గాజు, పింగాణీ, తెరచిత్రాలు, అన్నిటా ద్రాక్షతీగో మధుపాత్రో! పాత పీపాల గదుల్లో కొలువుదీరిన ఈ మ్యూజియాన్ని 1962లో ఫ్రాన్సు సంస్కృతి మంత్రి ఆంద్రే మాల్రో ప్రారంభించారు. సాలార్ జంగ్ మ్యూజియంలో గదులు దాటుతూ సాయంత్రాలు మరచిపోయిన హైదరాబాదీలకు, ఒక ఇంటివారి అభిరుచి జాతి సంపదగా ఎలా మారుతుందో వేరే చెప్పాలా? వైను ముట్టనివారు కూడా ఇక్కడ గౌరవ అతిథులే అనిపిస్తుంది మాకు.

1988లో ఫిలిప్ మరణించాక బాధ్యత అందుకున్న కూతురు ఫిలిప్పీన్, కొమెడీ ఫ్రాన్సేజ్ వేదిక మీద వెలిగిన నటి. ముఖచిత్రాల అసలు ప్రతులను 1981 నుంచే దేశదేశాల మ్యూజియంలకు తిప్పి, తోట దాకా రాలేనివారి ముందుకే తోటను తీసుకెళ్లారు. 2013లో రంగాలంకరణ నిపుణుడు రిషార్ పెదుజ్జీ చేయి పడిన కొత్త వైను శాల, దానితోపాటు ఆ చిత్రాలకో శాశ్వత ప్రదర్శనశాల వెలిశాయి. మరుసటి ఏడాది ఆమె కన్నుమూశారు. ఆమె సంతానం ముగ్గురూ ఆ దీపాన్ని కొండెక్కనివ్వలేదు.

తీగలు తరతరాలా చిగురించుగాక! ప్రతి కోతకూ ఒక కొత్త కుంచె అతిథిగా వచ్చుగాక! 2045లో ఈ ఆనవాయితీ నూరేళ్ల పండుగ జరుపుకొంటుందన్నది మా ఆకాంక్షే కాదు, గట్టి నమ్మకం కూడా. ఆ లోగా శ్రీకాళహస్తి కలం పట్టిన చేయి గీసిన ద్రాక్షతీగ ఏదో ఒక పంట సీసా మీద పాకాలని, ఆ పిలుపు పోయాక్ నుంచి మన ఊరికి రావాలని ద్రాక్షాపాకం రుచి తెలిసిన తెలుగు రసికులమంతా కోరుకుంటున్నాం. శతమానం భవతి!