ఎడిసన్ బల్బు: పొదుపుతో మొదలై, పొదుపుకే తలవంచి

విద్యుద్దీపాన్ని ఇళ్లకు చేర్చిన థామస్ ఆల్వా ఎడిసన్ 1847 ఫిబ్రవరి 11న అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, మిలాన్‌లో జన్మించారు. బడి చదువు అతి స్వల్పం. చిన్ననాటనే వినికిడి మందగించింది. రైళ్లలో పత్రికలు అమ్మారు, తంతి కార్యాలయాల్లో పనిచేశారు. 1876లో మెన్లో పార్క్‌లో పరిశోధనశాల నెలకొల్పారు.

విద్యుద్దీపానికి ఆయన ఆద్యుడు కారు. ఇంగ్లండులో జోసెఫ్ స్వాన్ తదితరులు అప్పటికే ప్రయోగాలు సాగించారు. ఎడిసన్ మాత్రం ఖర్చుపై దృష్టి నిలిపారు. అధిక నిరోధం గల సన్నని ఫిలమెంటు వాడితే తక్కువ విద్యుత్ ప్రవాహం సరిపోతుంది, తీగలకు కావలసిన రాగి ఆదా అవుతుంది. 1879 అక్టోబరులో, బొగ్గుగా మార్చిన నూలుపోగు గంటల తరబడి వెలిగింది. 1882 సెప్టెంబరు 4న న్యూయార్క్‌లోని పెర్ల్ స్ట్రీట్ కేంద్రం నుంచి విద్యుత్ సరఫరా ఆరంభమైంది. అమెరికాలో 1,093 పేటెంట్లు పొందిన ఆయన 1931 అక్టోబరు 18న కన్నుమూశారు.

ఫిలమెంటు బల్బు వాడే విద్యుత్తులో 90 శాతానికి పైగా వేడిగా వృథా అవుతుంది. అందువల్ల ఐరోపా సమాఖ్య 2009 నుంచి దానిని దశలవారీగా తొలగించింది. భారత్ 2015లో ఉజాలా పథకంతో ఎల్‌ఈడీ దీపాలను ప్రోత్సహించింది. చవక ధర, వెచ్చని కాంతి, ఎంచుకునే స్వేచ్ఛ దూరమవుతాయని వ్యతిరేకులు వాదించారు. బిల్లు తగ్గుతుందని సమర్థకులు బదులిచ్చారు. రాగి ఆదా కోసం ఎడిసన్ ఆశ్రయించిన పొదుపు సూత్రమే చివరకు ఆయన బల్బుకు వీడ్కోలు పలికింది.