గొలుసు దొర: విలియం లాంబ్టన్

చంద్రపూరునుండి నాగపూరునకు రైలులో పోవునపుడు వరోరా దాటిన పిమ్మట హింగన్‌ఘాట్ స్టేషను వచ్చును. ప్రత్తికి పేరుపడిన ఊరుగా దానిని మీరెరుగుదురు. దక్షిణాపథమును త్రిభుజములతో కొలిచిన విలియం లాంబ్టన్ కన్నుమూసినది ఆ ఊరిలోనే. ఈ సంగతి తరగతిలో అడిగితిని, ఒక్కరును చెప్పలేదు.

లాంబ్టన్ 18వ శతాబ్ది మధ్యభాగమున ఇంగ్లండులోని యార్క్‌షైరు సీమలో బీదకుటుంబమున జన్మించెను. పొరుగు పెద్దల సాయమున నార్తలర్టన్ పాఠశాలలో చదివి గణితమున దిట్ట యయ్యెను. పిదప సైన్యమున చేరి అమెరికా ఖండమునకు పోయెను. అక్కడ యుద్ధమువలన ఇల్లు వాకిలి విడిచి న్యూ బ్రన్స్‌విక్ అడవులకు వచ్చిన కుటుంబములకు భూములు పంచవలసి వచ్చెను. ఆ భూములను కొలిచినవారిలో లాంబ్టన్ ఒకడు. హద్దు జానెడు తప్పినను తరతరముల వైరము పుట్టునని పల్లెలవారికి చెప్పనక్కరలేదు. సూర్యగ్రహణమును పరిశీలింపబోయి అతడు ఒక కంటి చూపు పోగొట్టుకొనెను. మీరట్టి పని చేయకుడు.

ఇండియాకు వచ్చునప్పటికి అతనికి నలువది యేండ్లు దాటినవి. 1799లో మైసూరు యుద్ధమున ఒక రాత్రి సేనాని బెయిర్డు దళము దారి తప్పి టిప్పు శిబిరము వైపు పోవుచుండగా, నక్షత్రములను చూచి దిక్కు గుర్తించి హెచ్చరించినవాడు లాంబ్టనే.

యుద్ధము ముగియగనే అతడు దేశమును కొలుచుటకు ఒక యోచనను ప్రభుత్వము ముందుంచెను. త్రిభుజమున ఒక భుజము పొడవును, దాని రెండు కొనల కోణములును తెలిసినచో మిగిలిన భుజములు లెక్కకు వచ్చును గదా! ఆ భుజముపై మరియొక త్రిభుజము, దానిపై ఇంకొకటి. ఇట్లు కొండనుండి కొండకు చూపుతోనే పోవచ్చును. మొదటి భుజమును మాత్రము నేలపై గొలుసుతో కొలువవలెను. 1802 ఏప్రిల్ 10న మదరాసు చెంత సెయింట్ థామస్ కొండ దగ్గర ఆ కొలత మొదలయ్యెను. ఏడున్నర మైళ్ళకు 57 దినములు పట్టెను! ఎండకు ఉక్కు సాగును గనుక 100 అడుగుల గొలుసును కొయ్యపెట్టెలలో పరచి, పైన నీడ కల్పించి, ఉష్ణమాపకము చూచుచు కొలిచిరి. ఆ గొలుసు చీనా చక్రవర్తికి కానుకగా పోయి, తిరస్కరింపబడి మన దేశము చేరినది.

శ్రీరంగపట్టణము పోదలచినవారు పల్లకీ బోయీలతో చెప్పిన చాలును, ఈ వ్యయమెందులకని మదరాసు అధికారి యొకడు పరిహసించెనట. తీరా కొలిచి చూడగా తూర్పు తీరమునుండి పడమటి తీరమునకు గల దూరము పాత పటములలోని దానికంటె సుమారు 40 మైళ్ళు తక్కువయని తేలెను.

1808లో తంజావూరు గోపురముపైకి ఎక్కించుచుండగా త్రాడు తెగి, అరటన్ను బరువుగల కోణమాపక యంత్రము గోడకు తగిలి చెడిపోయెను. లాంబ్టన్ ఎవరిని నిందింపక గుడారములో చేరి, ఆరు వారములు శ్రమించి తానే దానిని బాగుచేసెను. అతని జీవితమున నాకు మిక్కిలి నచ్చిన ఘట్టమిది.

త్రిభుజముల వరుస క్రమముగా నైజాము సీమకు ప్రాకెను. 1815లో బీదరు దగ్గర మరల గొలుసుతో కొలిచి లెక్కలు సరిచూచుకొనిరి. 1818లో ఈ సర్వే మదరాసునుండి గవర్నరు జనరలు అధీనమునకు మారెను. ఎవరెస్టు అను యువకుడు సహాయకుడుగా నియమింపబడెను.

కంపెనీ దీనిని ప్రజాహితము కొరకే చేయించినదని నేననను. శిస్తుకును సేనలకును పటములు కావలసియుండెను. చేనుచేనును కొలిచి నంబరు వేసినది లాంబ్టన్ కాదు; అది రెవెన్యూ సర్వేవారి పని. అయినను వేర్వేరుగ కొలిచిన గ్రామములను దేశపటమున తమతమ చోట్ల కూర్చుటకు ఇట్టి త్రిభుజములే ఆధారము. మన యిండ్లలో దాచుకొను సాత్‌బారా కాగితమునందును, ప్రాణహితకు ఆవలి బంధువులు పహాణీ యని పిలుచుచు వచ్చిన కాగితమునందును పేర్లు వేరైనను కనబడునది సర్వే నంబరే.

డెబ్బదియేండ్ల ప్రాయమున లాంబ్టన్ హైదరాబాదునుండి నాగపూరు వైపు తరలుచు, 1823 జనవరి 20న హింగన్‌ఘాట్‌లో మరణించెను. ఎవరెస్టు ఆ వరుసను 1841 నాటికి హిమాలయ పాదమునకు చేర్చెను. 1865లో అత్యున్నత శిఖరమునకు ఆ సహాయకుని పేరు పెట్టిరి. లాంబ్టన్ సమాధి హింగన్‌ఘాట్‌లోనే యున్నది.