సత్యపక్షపాతి జార్జి ఆర్వెల్

బీహారు రాష్ట్రమున మోతీహారి యను పట్టణము కలదు. 1917వ సంవత్సరమున గాంధీ మహాత్ముడు నీలిమందు రైతుల బాధలను విచారించుటకు ఏగినది ఆ ప్రాంతమునకే. అంతకు పదునాలుగేండ్లకు పూర్వము, 1903 జూన్ 25వ తేదీన, ఆ పట్టణమునందొక ఆంగ్లేయ శిశువు జన్మించెను. తల్లిదండ్రులు వానికి ఎరిక్ ఆర్థర్ బ్లెయిర్ అని పేరిడిరి. తండ్రి ప్రభుత్వ నల్లమందు శాఖలో ఉద్యోగి. ఈ శిశువే పిమ్మట జార్జి ఆర్వెల్ అను పేర లోకప్రసిద్ధుడైన రచయిత.

1904లో తల్లి ఆ బిడ్డను ఇంగ్లండునకు తీసికొనిపోయెను. బాలుడు చదువులో చుఱుకైనవాడు. విద్యార్థివేతనము సంపాదించి, ధనికుల బిడ్డలు చదువుకొను ఈటన్ పాఠశాలలో చేరెను. పిమ్మట విశ్వవిద్యాలయమునకు పోక, 1922లో పోలీసు అధికారిగా బర్మాకు వెడలెను. నాడు బర్మా బ్రిటిషు ఇండియాలో భాగము. పందొమ్మిదేండ్ల ఆ యువకుని చేత అధికారముండెను. కాని మనస్సున శాంతి లేకుండెను. చెఱసాలలలో క్రుంగియున్న ఖైదీలను, కొరడా దెబ్బల మచ్చలను అతడు కన్నులార చూచెను. పరుల నణచు పాలనలో తానును ఒక పనిముట్టునైతినను చింత అతనిని దహింపసాగెను. 1927లో సెలవుపై స్వదేశమునకు వచ్చినవాడు మరల పోలేదు. ఉద్యోగమునకు రాజీనామా చేసెను.

అటుపిమ్మట అతడు కోరి పేదలతో కలిసి మెలగెను. పారిసు నగరమున హోటళ్ల వంటశాలలలో పనిచేసెను. లండనులో నిలువనీడ లేని దిమ్మరులతో తిరిగెను. ఆ అనుభవములను 1933లో గ్రంథముగా ప్రకటించెను. ఇంటివారికి చిన్నతనముగా నుండునేమోయని సంకోచించి, తన పేరు మార్చుకొనెను. ఆర్వెల్ అనునది ఇంగ్లండులోని ఒక నది పేరు.

1936లో స్పెయిను దేశమున సైన్యాధిపతులు కొందఱు, ఎన్నికైన ప్రభుత్వముపై తిరుగుబాటు చేసిరి. వారికి జనరల్ ఫ్రాంకో నాయకుడయ్యెను. ఆ నియంతృత్వము నెదిరించుటకు ఆర్వెల్ తుపాకి పట్టి, ఒక కార్మికపక్షపు దళములో చేరెను. 1937 మే నెలలో శత్రువుల గుండు అతని కంఠమును చీల్చుకొనిపోయెను. అతడు బ్రతికి బయటపడుట ఆశ్చర్యకరము.

అంతకంటె లోతైన గాయము మఱియొకటి తగిలెను. సోవియట్ రష్యా ప్రాబల్యమునకు లోనైనవారు, తమతోపాటు పోరాడుచున్న ఆ కార్మికపక్షమునే దేశద్రోహుల ముఠాయని చాటిరి. ఆర్వెల్ సహచరులు పలువురు చెఱసాలల పాలైరి. అతడును అతని భార్య ఐలీనును రహస్యముగా సరిహద్దు దాటి ఫ్రాన్సు చేరిరి. యుద్ధమే జరుగని చోట ఘోరయుద్ధము జరిగినట్లును, ప్రాణములకు తెగించి పోరాడినవారు పిఱికిపందలైనట్లును పత్రికలు వ్రాయుట అతడు చూచెను. ఈ వ్రాతలే మిగిలి, చూచినవారు గతించిన పిమ్మట, అబద్ధమే చరిత్రగా నిలుచునుగదా యను భయము నాడు అతని హృదయమున నాటుకొనెను.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1941 నుండి 1943 వఱకు, అతడు బి.బి.సి. సంస్థలో భారతదేశ శ్రోతల కొఱకు ప్రసంగములను సిద్ధపఱచెను. 1945లో యానిమల్ ఫారమ్ అను చిన్న కథను వెలువరించెను. అందు యజమానిని తఱిమివేసిన పశువులు తుదకు పందుల పెత్తనమునకు బానిసలగును. నాడు రష్యా మిత్రదేశమగుటచే పలువురు ప్రకాశకులు ఆ గ్రంథమును ముద్రింప నిరాకరించిరి. గ్రంథము వెలువడిన వెంటనే రచయితకు కీర్తి కలిగెను. కాని ఆ కీర్తిని చూచుటకు ఐలీను లేదు. కొలది నెలలకు పూర్వమే ఆమె మరణించెను.

తల్లిని కోల్పోయిన పెంపుడు కుమారునితో ఆర్వెల్, స్కాట్లండు తీరమునందలి జురా ద్వీపమునకు చేరెను. అప్పటికే క్షయరోగము అతనిని పట్టి పీడించుచుండెను. విశ్రాంతి మిగుల అవసరమైనను, తలపెట్టిన నవలను విడువలేదు. శుద్ధప్రతిని టైపు చేయుటకు ఆ మారుమూల ద్వీపమునకు వచ్చువారు దొరకకపోగా, రోగపీడితుడయ్యు తానే టైపు చేసెను. 1949 జూన్‌లో వెలువడిన ఆ నవల పేరు నైంటీన్ ఎయిటీ ఫోర్.

అందలి నాయకుడు విన్‌స్టన్ స్మిత్ అను చిరుద్యోగి. అతని గదిగోడకు బిగించిన తెర ప్రభుత్వ ప్రకటనలను వినిపించుటయే గాక, అతని ప్రతి కదలికను ప్రభుత్వమునకు చూపుచుండును. పొరుగింటి పిల్లలు కన్నతండ్రిపైననే నిఘా వేయుదురు. గడ్డము గీసికొనుటకు బ్లేడు దొరకుటయు దుర్లభమే. ప్రభుత్వము చెప్పిన మాట మాఱినప్పుడెల్ల పాత పత్రికలను దిద్దుట అతని ఉద్యోగము. ఆ కార్యాలయమునకు సత్యమంత్రిత్వశాఖ యని పేరు! ఒకనాడు చాకొలెట్టు రేషను వారమునకు 30 గ్రాముల నుండి 20 గ్రాములకు తగ్గును. మఱునాడు, దానిని 20 గ్రాములకు పెంచినందులకు ప్రజలు కృతజ్ఞత తెలిపిరని తెర ప్రకటించును. చుట్టుప్రక్కలవారందఱు నమ్ముదురు. నిన్నటి సంగతి అతడొక్కడే జ్ఞప్తియందుంచుకొనెనా యనిపించును. అట్టివాడు చాటుగా దినచర్య వ్రాయ మొదలిడును. అదియే అతని తిరుగుబాటు. అందులకు శిక్ష మరణమే కావచ్చును. తుదకు అతడు పట్టుబడును. రెండును రెండును కలిసిన ఐదని ఒప్పుకొనువఱకు హింసింపబడును.

ఈ కథను ఆర్వెల్ పరదేశమునకు అంటగట్టక లండను నగరముననే నడిపెను. స్వేచ్ఛ ఏ జాతికిని పుట్టుకతో వచ్చిన సొత్తు కాదనియు, కాపాడుకొననిచో ఎచటనైనను నశించుననియు అతని భావము.

గ్రంథము వెలువడిన ఏడెనిమిది నెలలకే, 1950 జనవరి 21న, నలుబదియాఱవయేట అతడు లండను ఆసుపత్రిలో కన్నుమూసెను. అతని సమాధిపై ఎరిక్ ఆర్థర్ బ్లెయిర్ అను పేరు మాత్రమే కలదు. సోవియట్ దేశమున ఆ నవల 1980ల చివరివఱకు నిషేధింపబడియుండెను. అయినను ఆ దేశములోను, తూర్పు ఐరోపాలోను ప్రజలు దానిని చాటుగా చదివిరి. తమ బ్రతుకును ఎన్నడును అచ్చటికి రాని ఒక ఆంగ్లేయుడు ఎట్లెఱిగెనాయని విస్మయమందిరి.

1984వ సంవత్సరము ఎన్నడో గతించెను. కాని ఆ నవల వేసిన ప్రశ్న గతింపలేదు. చూచినదానిని చూచితినని చెప్పుట, జరిగినదానిని జ్ఞప్తియందుంచుకొనుట సామాన్యుడు సైతము చేయదగిన పనులు. స్వేచ్ఛకు పునాది అవియే.