రఘుపతి వెంకయ్య

చలనచిత్రమును చూచువారు తెరపై కనబడు నటులను ఎఱుగుదురు. పాటలు పాడినవారిని ఎఱుగుదురు. ముక్కలు ముక్కలుగా తీసిన ఫిల్మును కత్తిరించి, అతికి, కథగా మలచువానిని ఎఱిగినవారు అరుదు. తెలుగు చిత్రముల పేర్ల పట్టికలో ఆ పనికి ‘కూర్పు’ అను చక్కని మాట యున్నది. అట్టి విద్యలు తెలుగువారి చేతికి వచ్చుటకై తన సర్వస్వమును ఒడ్డిన మహనీయుడు రఘుపతి వెంకయ్య.

వెంకయ్యగారు 1869వ సంవత్సరము అక్టోబరు 15వ తేదీన మచిలీపట్టణమున జన్మించిరి. యౌవనమున మదరాసు చేరి, ఛాయాచిత్రకళను అభ్యసించి, మౌంటు రోడ్డున చిత్రశాలను స్థాపించిరి. ఆ వృత్తి వారికి పేరును, ధనమును తెచ్చిపెట్టినది. కదలని బొమ్మలతో తృప్తి పడియుండినచో వారి జీవితము సుఖముగా గడచిపోయెడిది.

ఆ రోజులలో క్రోనోమెగాఫోను అను యంత్రమును గూర్చి వారు వినిరి. అది ఫ్రాన్సు దేశమున గోమాంటు అను శాస్త్రజ్ఞుని సంస్థ నిర్మించినది. అందు ఒక ప్రక్క బొమ్మలను చూపు యంత్రము, వేఱొక ప్రక్క పాటల పలకను త్రిప్పు యంత్రము ఉండును. రెండును ఒకే వేగమున నడచిననే బొమ్మ మాటాడినట్లు తోచును. దాని వెల 30,000 రూపాయలు. వెంకయ్యగారు తన చిత్రశాలను తాకట్టు పెట్టి, దానిని తెప్పించి, 1910లో మదరాసు విక్టోరియా పబ్లిక్ హాలున ప్రదర్శించిరి. పిదప దానితో దేశమున పలుచోట్ల పర్యటించుటయే గాక సింహళమునకును, బర్మాకును వెళ్ళిరి.

అట్టి యంత్రమును నడుపుట సులభము గాదు. ఫిల్ము వెడల్పు 35 మిల్లీమీటర్లు. ఒక అడుగు నిడివిలో 16 బొమ్మలు ఇముడును. ఆ కాలపు వేగమున ఒక అడుగు ఇంచుమించు ఒక సెకనులో నడచును. ఫిల్ము తెగి, ఒక అడుగు పాడైపోయి, మిగిలినదానిని అతికితిమనుకొందము. పాటల పలక మాత్రము తఱుగదు. అప్పుడు నటుని పెదవులు ముందు కదలును. మాట తరువాత వినవచ్చును. పోయినంత కొలతకు నల్లని ఫిల్మును చేర్చి అతికిననే రెండును మరల కలియును. చిన్న అతుకునందు ఎంత లెక్క యున్నదో చూడుడు!

1914లో వెంకయ్యగారు మదరాసున గెయిటీ అను చిత్రప్రదర్శనశాలను నెలకొల్పిరి. పరదేశపు చిత్రములను చూపుటతో వారి మనస్సు ఊరడిల్లలేదు. తమ కుమారుడు ప్రకాశును చిత్రనిర్మాణము నేర్చుకొనుటకు లండనునకు పంపిరి. ప్రకాశు తిరిగివచ్చిన పిమ్మట, స్టార్ ఆఫ్ ది ఈస్ట్ అను సంస్థ పక్షమున 1921లో భీష్మప్రతిజ్ఞ అను మూకీ చిత్రము వెలువడినది. దానికి దర్శకుడు ప్రకాశే.

ఆనాటికి కూర్పునకు ప్రత్యేక యంత్రము లేదు. కత్తెర, భూతద్దము, చేతితో త్రిప్పు రెండు చుట్టుడు చక్రములు—ఇవియే సాధనములు. ఆ చక్రములకు రీవైండరు అని పేరు. ఫిల్మును వెలుతురున పట్టి చూచి, తగినచోట కత్తిరించి, అంచున పైపూతను గీకి, ద్రావకము పూసి, వేఱొక ముక్కతో నొక్కిపట్టి అతికెడివారు. ఈ అతుకునకు స్ప్లైసు అని పేరు. మూకీలలో మాటలు వినబడవు గనుక, వ్రాసిన పలకల చిత్రములను గూడ నడుమ నడుమ చేర్చెడివారు. మూవియోలా అను కూర్పు యంత్రము అమెరికాలో 1924లో గాని రాలేదు.

వెంకయ్యగారి చిత్రనిర్మాణసంస్థ చిరకాలము నిలువలేదు. వారు గడించిన ధనము కరగిపోయినది. అయినను వారు నాటిన విత్తు వృథా కాలేదు. 1932లో భక్త ప్రహ్లాదతో తెలుగు చిత్రము మాటలు నేర్చినది. ఆ నాటికి వారు జీవించియే యుండిరి. బొమ్మను, ధ్వనిని కలుపుట అను పాత చిక్కునకు కాలక్రమమున మంచి సాధనము దొరకినది. ఒకే ఇరుసుపై పండ్ల చక్రములను బిగించి, బొమ్మల ఫిల్మును, ధ్వని ఫిల్మును ప్రక్కప్రక్కన నడుపుదురు. పండ్లు ఫిల్ము అంచు రంధ్రములలో ఇముడుటచే ఒకటి కదలిన రెండవదియు అంతే కదలును. దానిని సింక్రొనైజరు అందురు.

వెంకయ్యగారు 1941 మార్చి 15వ తేదీన మదరాసున దివంగతులైరి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1980లో వారి పేరిట చలనచిత్ర పురస్కారమును నెలకొల్పినది. ఇప్పుడు కూర్పు పని కంప్యూటరు మీద జరుగుచున్నది. కత్తెరతోను, ద్రావకముతోను పనిలేదు. అయినను తునకలను వేలాడదీసిన పాత గంప పేరైన బిన్ అను మాట కంప్యూటరు తెరపై నేటికిని నిలిచియున్నది.

విద్యార్థులారా! వెంకయ్యగారికి చివరకు సంపద మిగులలేదు. కాని తాను నేర్చినదానితో తనివి నొందక, తన కుమారుని చేత మఱింత నేర్పించి, ఒక జాతికి క్రొత్త కళను అందించిరి. నేడు చిత్రము ముగియునప్పుడు తెరపై వచ్చు పేర్లను ఓపికతో చదువుడు. కనబడక పాటుపడిన వారిని తలచుకొనుటయే ఆయనకు మనము చేయదగిన గౌరవము.