యూరీ గగారిన్

రాత్రివేళ ఆకాశమునుండి రాలు ఉల్కలను మీరందఱును చూచియుందురు. అవి చాలవఱకు నేలను చేరకమునుపే కాలి నశించుటకు కారణము వాని వేగమే. మహావేగముతో దిగు వస్తువు తన ముందున్న గాలిని అణచివేయగా, ఆ గాలి వేడెక్కి నిప్పువలె మండును. భూమిచుట్టు తిరుగు వ్యోమనౌక వేగము సెకనుకు సుమారు 8 కిలోమీటర్లు. అది నేలకు దిగవలెనన్న ఈ అగ్నిద్వారమును దాటియే రావలెను. కక్ష్యనుండి ఆ ద్వారమును దాటివచ్చిన మొట్టమొదటి మానవుడు యూరీ గగారిన్.

గగారిన్ 1934వ సంవత్సరము మార్చి 9వ తేదీన రష్యాలోని క్లూషినో గ్రామమున జన్మించెను. తండ్రి వడ్రంగి, తల్లి సమష్టి వ్యవసాయక్షేత్రమున పనిచేయుచుండెడిది. రెండవ ప్రపంచయుద్ధకాలమున జర్మను సైనికులు వారి యింటిని ఆక్రమింపగా, ఆ కుటుంబము నేలను త్రవ్వి కట్టుకొనిన మట్టిగుడిసెలో తలదాచుకొనెను. అతని అన్నను, అక్కను శత్రువులు వెట్టిచాకిరికై పట్టుకొనిపోయిరి. వారు బ్రదికి తిరిగివచ్చుట అదృష్టమే. గగారిన్ మొదట లోహపు పోతపని నేర్చెను. పిదప సరాతోవ్ నగరమున సాంకేతికవిద్య నభ్యసించుచు, తీరికవేళల విమానము నడుపుట నేర్చుకొనెను. 1957లో సైనిక వైమానికుడయ్యెను. 1960లో వ్యోమయాత్రకు శిక్షణ నిచ్చుటకై ఎన్నుకొనిన 20 మందిలో అతడొకడు.

నౌకానిర్మాణమునకు సెర్గేయ్ కొరొలేవ్ ప్రధానశిల్పి. యాత్రికుడు కూర్చుండు భాగము 2.3 మీటర్ల వ్యాసముగల గోళము. అడుగున బరువుండుటచే తంజావూరు బొమ్మ ఎటు త్రోసినను లేచి నిలుచునట్లు, ఆ గోళమును గాలిలో తనంతట తానే సరియైన వైపునకు తిరుగును. దానిపై దట్టమైన పూత గలదు. ఆ పూత తాను కాలి రాలిపోవుచు, వేడిమిని వెంట గొనిపోయి, లోపలి వానిని కాపాడును.

అయినను ఊహను నమ్మి మనుష్యుని పంపరాదు గదా! 1960 మే నెలలో పంపిన మొదటి నౌక దిశ తప్పి, దిగుటకు మాఱుగా పైకి పోయెను. ఆగస్టులో బెల్కా, స్త్రెల్కా అను కుక్కలు క్షేమముగా తిరిగివచ్చెను. డిసెంబరులో పోయిన నౌక మాత్రము తిరుగుత్రోవలో నశించి, అందున్న రెండు కుక్కలును మరణించెను. 1961 మార్చిలో ఒక్కొక్క కుక్కతోను, మనిషిబొమ్మతోను పంపిన రెండు నౌకలు చెక్కుచెదరక దిగెను. డిసెంబరునాటి నష్టము గగారిన్‌కు తెలియనిది కాదు. తెలిసియే అతడు సిద్ధపడెను.

1961 ఏప్రిల్ 12వ తేదీన, 27వ యేట, గగారిన్ బైకనూరునుండి ఎగసి, భూమిని ఒకసారి చుట్టెను. కష్టము తిరుగుప్రయాణమున వచ్చెను. గోళమునుండి వెంటనే విడిపోవలసిన యంత్రభాగము సుమారు 10 నిమిషములు విడిపోలేదు. నౌక గిఱ్ఱున తిరుగసాగెను. అట్లున్నను అతడు కలతపడక, అంతయు సవ్యమే యని తంతిసంకేతము పంపెను. తరువాత గవాక్షము వెలుపల ఎఱ్ఱని మంట కనబడెను. పూత కాలు చిటపటధ్వని వినబడెను. పూత కాలెను గాని గోళము నిలిచెను. 7 కిలోమీటర్ల యెత్తున అతడు గోళమునుండి వెలువడి, గాలిగొడుగుతో ఒక పొలమున దిగెను. అది తాను విమానము నడుప నేర్చిన సరాతోవ్ ప్రాంతమే! యాత్రాకాలము 108 నిమిషములు.

ఆ సంవత్సరాంతమున గగారిన్ భారతదేశమునకు వచ్చి, హైదరాబాదును గూడ దర్శించెను. 1967లో అతని మిత్రుడు కొమరోవ్, నౌక గాలిగొడుగు విచ్చుకొనక, తిరుగుప్రయాణమున మరణించెను. 1968 మార్చి 27వ తేదీన గగారిన్ సయితము విమానప్రమాదమున 34వ యేట అసువులు బాసెను. అతడు బాల్యమున చదువుకొనిన గ్జాత్స్క్ పట్టణమునకు అతని పేరే పెట్టిరి.

పైకి పోవుట సగము పని. క్షేమముగా తిరిగివచ్చుట తక్కిన సగము. ఆ రెండవ సగమునకై ఎన్ని పరీక్షలు జరిగెనో, ఎన్ని మూగప్రాణులు ముందు నడచెనో గగారిన్ కథ మనకు తెలుపుచున్నది.