ఎ.ఎస్.రావు

ఎ.ఎస్.రావు గా ప్రసిద్ధుడైన అయ్యగారి సాంబశివరావు (1914 - 2003) భారతీయ శాస్త్రవేత్త, హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్ (ఇ.సి.ఐ.ఎల్.) వ్యవస్థాపకుడు. మన దేశంలో కంప్యూటర్లు తయారు చేసి అమ్మిన తొలి సంస్థలలో ఇది ఒకటి.

బాల్యము, విద్యాభ్యాసము

ఈయన నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని మోగల్లు గ్రామంలో జన్మించాడు. (అల్లూరి సీతారామరాజు పూర్వీకుల ఊరు కూడా ఇదే, అల్లూరి పుట్టినది మాత్రం పాండ్రంగిలో.) బనారసు హిందూ విశ్వవిద్యాలయంలో చదివి, అక్కడే కొంతకాలం బోధించాడు. 1946లో టాటా ఉపకారవేతనంపై అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి ఎలక్ట్రికల్ ఇంజనీరింగు అభ్యసించాడు.

అణుశక్తి రంగంలో

స్వదేశానికి తిరిగివచ్చి హోమీ భాభా వద్ద చేరాడు. 1956లో పనిచేయడం ప్రారంభించిన తొలి భారతీయ అణు రియాక్టరు అప్సరకు నియంత్రణ వ్యవస్థను రావు బృందమే రూపొందించింది. 1962 చైనా యుద్ధం తరువాత ఎలక్ట్రానిక్స్ లో దేశం ఎంత వెనుకబడి ఉన్నదో ప్రభుత్వానికి తెలిసివచ్చింది. 1963లో భాభా అధ్యక్షతన ఏర్పడిన కమిటీలో రావు, సూరి భగవంతం సభ్యులు.

ఇ.సి.ఐ.ఎల్., కంప్యూటర్లు

1967లో ఇ.సి.ఐ.ఎల్. ఏర్పడినపుడు రావు దాని మేనేజింగ్ డైరెక్టరు అయ్యాడు. ట్రాంబేలో రూపుదిద్దుకొన్న టి.డి.సి.-12 కంప్యూటరు 1969లో వెలువడింది. తరువాత టి.డి.సి.-312, టి.డి.సి.-316 వచ్చాయి. నేటి విద్యార్థికి ఆ యంత్రాలను ఊహించుకోవడం కష్టమే. అప్పట్లో ఆపరేటింగ్ సిస్టమ్ అంటే నేడు మనం ఎరిగిన విండోస్, లినక్స్ వంటిది కాదు. వైరస్ ల బెడద పర్సనల్ కంప్యూటర్లు వ్యాపించిన 1980లలో గాని మొదలు కాలేదు. ఆనాటి భయం వేరు: విడిభాగాలకు, యంత్రాలకు పరదేశాలపై ఆధారపడటమే పెద్ద ప్రమాదమని రావు తరం భావించింది.

ఈ స్వావలంబనకు మూల్యం కూడా ఉన్నది. యంత్రాలు ఖరీదైనవనీ, వాటికి తగిన సాఫ్టువేరు కొరవడిందనీ విమర్శలు వచ్చాయి. 1970ల చివర ప్రైవేటు సంస్థలకు అనుమతి లభించాక కంప్యూటర్ల విపణిలో ఇ.సి.ఐ.ఎల్. ప్రాధాన్యం తగ్గింది. అయినా ఆ విమర్శలోనే కథ ముగించడం న్యాయం కాదు. ఆ సంస్థ 1979లో ఎలక్ట్రానిక్ వోటింగ్ యంత్రానికి నమూనా తయారు చేసింది. ఎన్నికల సంఘం వివరణ ప్రకారం, వోటింగ్ యంత్రంలో ఆపరేటింగ్ సిస్టమ్ గాని, నెట్‌వర్కు సంబంధం గాని ఉండదు. ప్రోగ్రాము మరల మార్చ వీలులేని విధంగా చిప్ లో నిక్షిప్తమై ఉంటుంది. యాంటీవైరస్ అవసరమే రానివ్వని పద్ధతి ఇది. యంత్రాలపై వివాదాలు మాత్రం ఆగలేదు.

పురస్కారాలు

పద్మశ్రీ (1960), శాంతి స్వరూప్ భట్నాగర్ బహుమతి (1965), పద్మభూషణ్ (1972) పొందాడు. 2003లో మరణించాడు. హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. సమీపాన ఉన్న ఎ.ఎస్.రావు నగర్ కు ఈయన పేరే పెట్టారు.