కుండల ఊరు అక్కున చేర్చుకున్న వలసజీవి

లీసెస్టర్: న్యూవాక్ మీదున్న మ్యూజియానికి ఓ ఆదివారం మేం నలుగురం వెళ్లాం. టికెట్ లేదు కాబట్టే వెళ్లామని ఒప్పుకోవాలి. మాలో ఒకతని వీసా దరఖాస్తు ఆ వారమే తిరిగొచ్చింది. మనసు మళ్లుతుందని అతన్ని బలవంతంగా తీసుకెళ్లాం. అక్కడ అద్దాల బీరువాల్లో మట్టి పళ్లేలు, కూజాలు. ఒకదాని మీద మేక, ఒకదాని మీద గుడ్లగూబ, ఇంకోదాని మీద నవ్వు మొహం. చిన్నపిల్లలు గీసినట్టున్నాయే అనుకుంటూ పేరు చదివితే... పికాసో! కోట్లు పలికే చిత్రాలు వేసిన మనిషి మట్టిపాత్రలకు రంగులెందుకు వేశారు? అది తెలుసుకోబోతే మనలాంటి వాళ్ల కథే బయటపడింది.

పాబ్లో పికాసో 1881 అక్టోబర్ 25న స్పెయిన్‌లోని మలగాలో పుట్టారు. తండ్రి డ్రాయింగు మాస్టారు. పావురాల బొమ్మలు బాగా వేసేవారు. ఆ ఊరికి కుండల చరిత్ర కూడా ఉంది. మట్టిపాత్రకు తగరం కలిపిన తెల్లటి పూత వేసి, దానిమీద బ్రష్షుతో బొమ్మ వేసి కాల్చే విద్య ఇరాక్ వైపు పుట్టి, అరబ్బుల ద్వారా స్పెయిన్‌కు వచ్చింది. మధ్యయుగంలో మలగా పాత్రలు ఓడలెక్కి ఇంగ్లండ్ దాకా వచ్చాయి. అదే విద్య ఇటలీ, ఆంట్‌వెర్ప్ మీదుగా హాలండ్‌లోని డెల్ఫ్ట్ చేరింది. చైనా పింగాణీని చూసి డచ్చివాళ్లు చేసిన నీలం-తెలుపు పళ్లేలకు, టైల్సుకు మూలం ఇదే. కాల్చక ముందు ఆ పూత పిండిలా ఉండి రంగును ఇట్టే పీల్చేస్తుంది. గీత తప్పితే దిద్దుకోవడం కష్టం. మనుషులే కాదు, పనులు కూడా వలస వెళ్తాయన్నమాట.

పికాసో 1900లో తొలిసారి పారిస్ వచ్చారు, 1904లో అక్కడే స్థిరపడ్డారు. భాష అంతంతమాత్రం, జేబు ఖాళీ. ఓ అరాచకవాది ఇంట్లో ఉంటున్నారన్న అనుమానంతో 1901లోనే పోలీసులు ఆయన పేరిట ఫైలు తెరిచారు. తర్వాత ప్రపంచమంతా పేరొచ్చినా విదేశీయుల కార్డు, వేలిముద్రలు, రెన్యూవల్ తప్పలేదు. 1937 ఏప్రిల్ 26న ఫ్రాంకోకు మద్దతుగా జర్మన్, ఇటాలియన్ విమానాలు గెర్నికా పట్నంపై బాంబులు కురిపిస్తే, ఆయన ఆ పేరుతోనే పెద్ద చిత్రం వేశారు. ఫ్రాంకో ఏలుబడిలో సొంత దేశానికి మళ్లీ వెళ్లలేదు. 1940 ఏప్రిల్‌లో ఫ్రెంచి పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకుంటే కొట్టేశారు. అప్పటికి ఆయన వయసు 58. ఆ దేశంలో 36 ఏళ్లుగా ఉంటున్నారు!

యుద్ధం ముగిశాక 1946 వేసవిలో దక్షిణ ఫ్రాన్స్‌లోని వల్లోరిస్‌లో కుండల ప్రదర్శన చూడ్డానికి వెళ్లారు. వంటపాత్రలకు పేరుపడ్డ ఊరది. మన ఊళ్లలో స్టీలు, సత్తు గిన్నెలొచ్చాక కుమ్మరుల గతి ఏమైందో తెలుసు కదా, అక్కడా అదే పరిస్థితి. మదూరా అనే కార్ఖానాలో జార్జ్, సుజాన్ రామియే దంపతులు ఆయన్ని ఆదరించారు. 1947లో తిరిగొచ్చి పనిలో దిగారు. 65 ఏళ్ల వయసులో కొత్త విద్యార్థి! సారె మీద కుండ తీసేది జూల్ అగార్ అనే పనివాడు. ఆ పచ్చి కుండ మెడ వంచి, పక్కలు నొక్కి పికాసో దాన్ని పావురంగానో ఆడమనిషిగానో మార్చేవారు. ఒకసారి భోజనంలో తిన్న చేప ముళ్లనే మట్టిలో అద్ది పళ్లెం చేశారు. అలా చేసినవి దాదాపు 4 వేలు. వాటిలో 633 నమూనాలకు 25 నుంచి 500 దాకా నకళ్లు తీసి అమ్మారు. ఆయన పెయింటింగు కొనలేనివాళ్ల ఇళ్లకూ ఆయన పని చేరింది. వల్లోరిస్ పేరు మళ్లీ మారుమోగింది.

1950లో ఆ ఊరు ఆయనకు గౌరవ పౌరసత్వం ఇచ్చింది. గొర్రెను ఎత్తుకున్న మనిషి కంచు విగ్రహాన్ని ఆయన ఊరికి కానుకగా ఇచ్చారు. అంతమాత్రాన అన్నిట్లో ఆదర్శమనలేం. ఆయనతో కాపురం చేసిన ఆడవాళ్లు పడ్డ బాధలు చిన్నవి కావు. 1961లో జాక్వెలిన్ అనే మదూరా ఉద్యోగినిని వల్లోరిస్‌లోనే పెళ్లాడారు. 1973 ఏప్రిల్ 8న 91వ ఏట కన్నుమూశారు. ఫ్రాన్స్ పౌరుడు కాకుండానే పోయారు. గెర్నికా చిత్రం 1981లో స్పెయిన్ చేరింది. ఆయన మాత్రం చేరలేదు.

మరి ఈ పళ్లేలు లీసెస్టర్‌కు ఎలా వచ్చాయి? మన ‘గాంధీ’ సినిమా తీసిన రిచర్డ్ అటెన్‌బరో ఈ ఊళ్లోనే పెరిగారు. ఆయన, భార్య షీలా 1950ల నుంచి మదూరాలో ఒక్కొక్కటిగా కొన్నారు. 2004 సునామీలో కూతుర్ని, మనవరాలిని పోగొట్టుకున్నాక, వాళ్ల జ్ఞాపకార్థం 2007లో ఈ మ్యూజియంలో పెట్టించారు.

తిరుగు బస్సులో మా మిత్రుడు చాలాసేపు మాట్లాడలేదు. దిగేముందు, 1940లో ఆ దరఖాస్తు కొట్టేసిన ఆఫీసరు పేరు ఎవరికైనా గుర్తుందా అని అడిగాడు. మాకెవరికీ తెలియదు. సోమవారం పొద్దున్నే అందరికంటే ముందు సైట్‌కు వచ్చింది అతనే.